బాతుల పటం

అనగనగా ఒక ఊరు. ఊరికి ఎగువన పెద్ద చెరువు. అది నిండిన ఏడు ఊరు తింటుంది, ఎండిన ఏడు పస్తుంటుంది. కట్ట మీద పోచమ్మ గుడి, కట్ట దిగువన ఆయకట్టు, ఈ రెంటికీ పెద్దదిక్కుగా ఒక ముసలి నీరటికాడు. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో, తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఆయన చెప్పిందే లెక్క. కుర్రతనం నుంచీ నీళ్లలో మునిగి బిరడా తీసేదీ, మళ్లీ మునిగి వేసేదీ ఆయనే. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. కొడుకుల్లేరు.

ఊరి దొర చావడిలో పంచాయితీ పెట్టాడు.

"ముసలాయన పోతే ఈ ఇద్దె ఆయనతోనే పోతది. పదేండ్లు దాటిన పిల్లలందరికీ నేర్పుదాం. ఎవలకబ్బితే వాళ్లే రేపటి నీరటి."

అందరూ సరేనన్నారు. చిక్కల్లా ఒక్కటే. చెరువులో తెలుసుకోవాల్సిందంతా కంటికి కనపడని చోటే ఉంది. తూము బెజ్జం నీళ్ల అడుగున ఉంటుంది. అక్కణ్నుంచి కాలువ దాకా పోయే రాతి గొట్టం కట్ట కడుపులో ఉంటుంది. పైకి కనపడేవి రెండు రాతి కంబాలు, వాటి నడుమ నుంచి నీళ్ల పైకి తేలిన ఒక కర్ర, అంతే. వాటిని చూపించి ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కేది కాదు. పైగా ముసలాయనకు పని వచ్చు గానీ మాట రాదు. చెయ్యమంటే చేస్తాడు, ఎట్లా చేశావంటే "గంతే, గట్లనే" అని ఊరుకుంటాడు. మంచి పనిమంతుల్లో చాలామంది ఇంతే.

దొరకు బొమ్మలంటే ప్రాణం. "చెప్తే ఎక్కకపోతే చూపిద్దాం" అని చేర్యాల దిక్కు నుంచి పటాలు వేసే ఒక నకాషీని పిలిపించాడు. నకాషీ వచ్చాడు, ఊరి చివర సత్రంలో దిగాడు. ఖద్దరు గుడ్డ పరిచి సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల గుజ్జు, జిగురునీళ్లు కలిపి పూత మీద పూత వేశాడు. మధ్యలో వారానికోసారి నీరటికాడి దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. బెజ్జం ఎంత? గొట్టం ఎటు వాలి ఉంటుంది? ఏ రాయితో కట్టారు? బిరడా ఏ కర్రతో చేస్తారు? ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ముసలాయన అతణ్ని బురదలోకి తీసుకుపోయి బెజ్జంలో చెయ్యి పెట్టించి చూపించాడు. నకాషీ సత్రానికి పోయి, పనికిరాని గుడ్డపేలిక మీద కట్టను నిలువునా కోసినట్టు గీశాడు. తప్పొస్తే తుడిచి మళ్లీ గీశాడు. చివరికి కుదిరింది. కుదిరాక చూసుకుంటే అందంగా లేదు. ఎర్రటి పటం నడుమ నల్లటి గొట్టం ఏం బాగుంటుంది? దాన్ని పక్కన పడేసి, పటంలో కట్టను కట్టలాగే వేసి తాటిచెట్లు నిలబెట్టాడు. నీళ్లు మరీ బోసిగా ఉన్నాయని బాతులు వేశాడు.

పటం విప్పిన రాత్రి చావడిలో ఇసకేస్తే రాలని జనం. కాగడాల వెలుగులో ఎరుపు మీద పసుపు, నీలం ధగధగలాడాయి. బిందెలతో ఆడవాళ్లు, వల విసిరే బెస్తలు, కట్ట మీద బండి, బండిలో నిద్రపోతున్న ముసలమ్మ. అన్నిటికన్నా బాతులు! ఒకటి రెక్క విదిలిస్తోంది, ఒకటి మెడ వెనక్కి తిప్పి ఈక సవరించుకుంటోంది, ఒకటి తల నీళ్లలో ముంచి తోక ఆకాశానికి ఎత్తింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

"అర్థమైందా?" అన్నాడు దొర.

"అయింది!" అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో.

దొర మెచ్చి నకాషీ భుజాన శాలువా కప్పాడు. జనం చప్పట్లు సద్దుమణిగాక వెనక వరసలోంచి ముసలాయన లేచాడు. "ఒక్కటి చెప్పుండ్రి పిల్లలూ. తూము తెరిస్తే చెర్ల నీళ్లు యాడికెళ్లి బయటికొస్తయి?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పిల్లాడు ధైర్యం చేసి, "తోకెత్తిన బాతున్నది సూడు, గా దిక్కుకెళ్లి" అన్నాడు. చావడి గొల్లుమంది. దొర మాత్రం నవ్వలేదు. "రేపు మళ్ల చూపిద్దాం" అన్నాడు. మర్నాడు చూపించారు, ఆ మర్నాడూ చూపించారు. వారం తిరిగేసరికి బాతులు పంతొమ్మిదా ఇరవయ్యా అని పిల్లల్లో రెండు జట్లు తయారై కొట్టుకునే దాకా వచ్చింది. తూము సంగతి మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది.

పంచాయితీలో ఒక పెద్దమనిషికి కోపమొచ్చింది. "ఈ ఊర్ల తూము గురించి చెప్పెటోడు ఒక్కడన్న ఉన్నడా?" అని అరిచాడు. అంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గోడవారన కుంచెలు కడుక్కుంటున్న నకాషీ నెమ్మదిగా, "నేను చెప్పొచ్చా అయ్యా?" అన్నాడు. బెజ్జం దగ్గర మొదలుపెట్టి, గొట్టం ఎంత వాలులో పోతుందో, నీటి బరువు బిరడాను ఎట్లా అదిమి పట్టుకుంటుందో, అంచేత నిండు చెరువులో దాన్ని లాగడం ఎందుకు కష్టమో, కాలువలోకి నీళ్లు ఎంత ఎత్తున పడతాయో గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ముసలాయన తల ఊపుతూనే ఉన్నాడు.

"అయితే ఈయననే నీరటిగ పెట్టుకుందాం" అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

నకాషీ నవ్వలేదు. అంత పెద్ద పటం వేస్తే ఊరందరిలోకీ నేర్చుకున్నది తనొక్కడేనని అతనికి అప్పుడే తట్టింది. "దొరా, నాకింకా నాలుగూళ్లలో పనుంది" అన్నాడు. "పోయేముందు ఒక్కటి చెయ్యనీయండి. రేపు పొద్దున చావడి నేల అలికించి పెట్టండి. తలా ఇంత బొగ్గు, ఇంత ముగ్గుపిండి ఇప్పించండి. పిల్లల్నే గీయనీయండి."

మర్నాడు పిల్లలు నేల మీద పడ్డారు. అయ్యో, ఏం బొమ్మలవి! కంసాలి పిల్లాడు గొట్టం వేశాడు గానీ కాలువ వైపు కొస చెరువు వైపు కొస కన్నా ఎత్తున పెట్టాడు. ఒకడు బిరడా మరిచిపోయాడు, వాడి చెరువు ఎప్పుడో ఖాళీ అయి ఉండాలి. కుమ్మరోళ్ల పిల్ల గీసిన చెరువులో నీళ్లు కట్ట ఎక్కి, అటు పక్కకు దూకి, పొలంలో పడుతున్నాయి.

ముసలాయన ఆ పిల్ల పక్కన చతికిలబడ్డాడు. "గట్లెట్లెక్కుతయి బిడ్డా నీళ్లు? కాళ్లున్నయా వాటికి?"

"మరెట్ల పోతయి తాతా? కట్ట అడ్డమున్నది గద."

"కట్ట కింద తొవ్వున్నది."

"ఉంటే కనపడాలె గద!"

అంతే. ఇన్నాళ్లూ "గంతే, గట్లనే" తప్ప మరో మాట రాని మనిషికి ఎక్కడలేని మాటలూ వచ్చాయి. తప్పు కళ్లెదుట కనపడుతుంటే ఒప్పు చెప్పడం తేలికైంది. బొగ్గు తీసుకుని ఆ పిల్ల గీత మీదే గీశాడు, తను గీసింది చెరిపి మళ్లీ ఆమె చేతికే బొగ్గు ఇచ్చాడు. రెండోసారి ఆమె గొట్టాన్ని కట్ట లోపల వేసింది గానీ నడుమ కొడవలిలా వంచింది. "గట్ల వంగితే గా గుంతల ఒండ్రు కూసుంటది, నీళ్లు రావు" అన్నాడు ముసలాయన. ఆమెకు నమ్మకం కలగలేదు. ఇంటికి పోయి, తండ్రి మట్టిలోంచి ముద్ద తెచ్చి, చిన్న కట్ట చేసి, ఆముదపు గొట్టం దూర్చి నీళ్లు పోసింది. తిన్నగా పెడితే ధార కట్టింది. వంచి పెట్టి బురదనీళ్లు పోసింది. కాసేపటికి చుక్క రాలేదు.

ఈ గొడవంతా దొరకు నచ్చలేదు. చావడి నిండా బొగ్గు, ముగ్గు, మట్టి. పైనుంచి ఎవరైనా పెద్దలొస్తే ఏం చూస్తారు? అందుకని గోడకు పటం వేలాడదీయించి, నేల మాత్రం రోజూ పొద్దున్నే ఊడిపించేవాడు. వచ్చిన పెద్దలు పటం చూసి మెచ్చుకుని పోయేవారు. పిల్లలు ఊడ్చిన నేల మీద మళ్లీ గీసేవారు.

ఆ మరుసటి ఏడు చెరువు నిండింది గానీ తూము తెరిస్తే కాలువలోకి పిల్లకాలువంత నీళ్లు కూడా రాలేదు. నాట్లు ఎండుతున్నాయి. ముసలాయన మంచాన పడ్డాడు. కట్ట తెంపడం తప్ప దారి లేదన్నారు కొందరు. తెంపితే ఈ ఏడు పంటే కాదు, వచ్చే ఏటి చెరువూ పోతుంది. కుమ్మరోళ్ల పిల్ల కట్ట మీద ఆ కొస నుంచి ఈ కొసకు రెండుసార్లు నడిచింది. ఒకచోట కట్ట పైభాగం జానెడు లోతు కుంగి ఉంది. నిరుడు వానల్లో బండెద్దులు దిగబడ్డ చోటు అది. ఆమె అక్కడే కూర్చుని కొనగోటితో నేల మీద గొట్టం గీసింది, తిన్నగా కాదు, తను అప్పట్లో తప్పుగా గీసినట్టే, నడుమ వంచి. "గొట్టం గీడ కుంగింది. ఒండ్రు గీ గుంతలనే కూసున్నది. కాలువ దిక్కు నుంచి వెదురు పెట్టి గీ దూరం దాకా పొడవుండ్రి, కట్ట తెంపొద్దు" అంది. పొడిచారు. ముందు నల్లటి బురద వచ్చింది. తర్వాత చేప ఒకటి వచ్చింది. ఆ తర్వాత నీళ్లు వచ్చాయి.

దొర మహా సంతోషపడ్డాడు. "చూసినారా! పటం ఏపియ్యబట్టి గద!" అని పొరుగూరికి కూడా ఇలాంటిదే వేయించమని నకాషీకి కబురు పెట్టాడు. నకాషీ వేశాడు. ఈసారి కట్టను నిలువునా కోసి, గొట్టం కనపడేలా వేశాడు. చివరి గడిలో సుద్ద పూత పూసి ఏమీ గీయకుండా వదిలేశాడు. బాతుల్లో ఒక్కదాన్ని మాత్రం ఉంచాడు. ఎంతైనా చిత్రకారుడు కదా.

నీతి: బొమ్మ చూసినవాడికి తెలిసినట్టు ఉంటుంది. గీసినవాడికి తనకు తెలియనిదేదో తెలుస్తుంది.

చందమామలో అయితే కథ ఇక్కడితో అయిపోయేది. మన బడుల్లో ఇప్పుడు తెరల రూపంలో ఊరూరా పటాలు దిగుతున్నాయి కాబట్టి ఇంకొంచెం మాట్లాడుకోవాలి.

పటాలు దిగడం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని ఇస్రో 'సైట్' అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చేరింది. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. బడి పిల్లల పాఠాలు తెలుగులోనే వచ్చాయి. తర్వాత 'మన టీవీ' అనే పాఠాల ఛానల్ వచ్చింది, తెలంగాణలో అది టీ-శాట్ అయింది. 2017లో 'దీక్ష' అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక వచ్చింది, పాఠ్యపుస్తకాల్లోకి క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. నాడు-నేడు పథకం కింద తరగతి గోడలకు ఐఎఫ్‌పీ తెరలు బిగించారు. ప్రతిసారీ ప్రభుత్వాలు ఎన్ని ఇచ్చామో చెప్పాయి, మనమూ ఎన్ని వచ్చాయో అడిగాం. తెర మీద పిల్ల చెయ్యి పడిందా, టీచరు చెయ్యి మాత్రమే పడిందా అన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు. ఐఎఫ్‌పీ వేలు పెట్టి గీయగల తెర. చాలా తరగతుల్లో అది పెద్ద టీవీగానే బతుకుతోంది.

బాతుల సంగతి ఎవరో సరదాకు కల్పించినది అనుకోవద్దు. మెరుపు ఎలా పుడుతుందో చెప్పే ఒక చిన్న పాఠాన్ని షానన్ హార్ప్, రిచర్డ్ మేయర్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థులకు ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చారు. మరికొందరికి పిడుగుల గురించి ఆసక్తికరమైన ముచ్చట్లు, బొమ్మలు కలిపి ఇచ్చారు. ముచ్చట్లు చదివినవాళ్లకు అసలు విషయం తక్కువ గుర్తుంది, దాన్ని వాడి కొత్త చిక్కు విప్పడం కూడా తక్కువగా వచ్చింది. 1998లో అచ్చయిన పని ఇది. అయినా ఇప్పటికీ పాఠం వీడియో అనగానే మొదట ఎగిరే అక్షరాలు, వెనక డప్పు, మూలన గంతులేసే కార్టూన్. "పిల్లలు బోర్ ఫీలవకుండా" అంటారు. పిల్లలు బోర్ ఫీలవరు, నిజమే. ఇంటికి పోయి ఆ కార్టూన్ గంతులే చేసి చూపిస్తారు.

డిజైన్ పనిముట్లకు ఈ జబ్బు పుట్టుకతోనే ఉంది. కాన్వా తీసుకోండి. టీచర్లకూ బడి పిల్లలకూ ఉచితం, ఫోన్లోనూ నడుస్తుంది, తెలుగు ఫాంట్లూ ఉన్నాయి. మంచి పనిముట్టే. జలచక్రం చార్టు చెయ్యమని పిల్లలకు చెప్పి చూడండి. వాళ్లు టెంప్లేటు వెతుకుతారు. దొరికిన దాంట్లో మంచుకొండ ఉంటుంది, సూదాకు చెట్లుంటాయి, ఒక నీలి సముద్రం ఉంటుంది. బాణాలన్నీ ఎక్కడికక్కడ అమర్చే ఉంటాయి. పేర్లు తెలుగులోకి మారిస్తే చార్టు పూర్తి. పాలమూరు పిల్లకు ఆ కొండలో పనేముంది? ఆ ఊరి నీళ్ల కథలో చెరువుంది, బోరుంది, బోరు ఎండిపోవడముంది, ట్యాంకరుంది. ఖాళీ పేజీ ఇచ్చి "మీ ఇంటి బిందెలోకి నీళ్లు ఎట్లా వచ్చాయో గీయండి" అంటే మొదటి పావుగంట గోల. ఆ తర్వాత బోరు గొట్టం భూమిలో ఎక్కడ ఆగుతుందో, దాని కింద ఏముందో తెలియక ఆగిపోతారు. పాఠం మొదలవ్వాల్సింది అక్కడే. కాన్వా ఆ ఖాళీ పేజీని కూడా ఇస్తుంది. మనమే దాన్ని తెరవం.

ఒక ఉదాహరణ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలనుంది. రుతువులు ఎందుకు మారతాయి? 1987లో అమెరికాలో 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అని ఒక చిన్న చిత్రం తీశారు. హార్వర్డ్ స్నాతకోత్సవంలో గౌన్లు వేసుకుని నిలబడ్డ పట్టభద్రులను ఈ ప్రశ్న అడిగితే, ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి అని ధీమాగా చెప్పారు. మన పిల్లలూ అదే చెబుతారు. తప్పు వాళ్లది కాదు. పుస్తకంలో భూకక్ష్యను పక్కనుంచి చూసినట్టు గీస్తారు, అది సాగదీసిన కోడిగుడ్డులా పడుతుంది. ఒక కొస దగ్గర, ఒక కొస దూరం అని బొమ్మే చెబుతోంది కదా. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, మనం భోగిమంటల కోసం పిడకలు పోగేసుకునే చలిలో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులైలో 15.2 కోట్లు. దీపానికి మీటరు దూరంలో బంతిని తిప్పితే దగ్గరకూ దూరానికీ వచ్చే తేడా మూడు సెంటీమీటర్ల పైచిలుకు, అంతే.

దీని మీద యూట్యూబ్‌లో అద్భుతమైన యానిమేషన్లున్నాయి. అవి చూపించి, "అర్థమైందా?" అంటే, "అయింది సార్!" అంటారు. ఇప్పుడు అదే పాఠాన్ని అయిదుగురు పిల్లలకు ఒక ఫోనిచ్చి స్టాప్ మోషన్ వీడియోగా తియ్యమనండి. నేల మీద సుద్దతో గుండ్రం గీసి 24 గుర్తులు పెడతారు. నడుమ హోల్డరులో బల్బు. రబ్బరు బంతికి చీపురుపుల్ల గుచ్చి, కొంచెం వాల్చి, అదే భూమి ఇరుసు అంటారు. ఒక్కో గుర్తు మీద బంతి పెట్టడం, ఫొటో తీయడం, జరపడం. సెకనుకు 12 ఫొటోల చొప్పున ఇంత కష్టానికీ వచ్చే సినిమా రెండు సెకన్లు.

ఆ రెండు సెకన్లు ఆడించగానే గుట్టు బయటపడుతుంది. బంతి జరిపే పిల్ల తను కూడా బల్బు చుట్టూ తిరుగుతూ జరుపుతుంది. అందుకని పుల్ల కూడా ఆమెతోపాటే తిరిగి, ఎప్పుడూ బల్బు వైపే వాలి ఉంటుంది. ఫొటోలు తీస్తున్నంతసేపూ ఎవరికీ కనపడని తప్పు, ఆడిస్తే అందరికీ కనపడుతుంది. పై సగం మీద ఏడాది పొడవునా వెలుగు ఎక్కువే, సినిమా అంతా ఎండాకాలమే! అయితే చలికాలం ఏది? వాదన మొదలవుతుంది. పుల్ల ఎటు వాలాలి? బల్బు వైపా? కాదు, గది ఏ మూలకైనా సరే, ఎప్పుడూ ఒకే మూలకు. కిటికీ వైపు అని ఎవరో అంటారు. మళ్లీ 24 ఫొటోలు. ఈసారి గుండ్రంలో ఒక పక్క పుల్ల దీపం వైపు వాలుతుంది, ఎదుటి పక్కకు వచ్చేసరికి అదే వాలు దీపానికి దూరంగా పోతుంది. ఆస్ట్రేలియాలో క్రిస్మస్‌కు ఎండలెందుకు మండుతాయో అడగకుండానే ఒకడు చెప్పేస్తాడు. ఈ మొత్తంలో టీచరు చెయ్యాల్సిన పెద్ద పని, మొదటి వీడియో తీస్తున్నప్పుడు నోరు మూసుకుని ఉండటం. అది చాలా కష్టం, తెలుసు.

ఇంత మంచి వీడియోలకు కూడా మన దగ్గర ఒక తద్దినం తప్పదు. పేరు పెడదామని 'రాష్ట్రం' అనో 'స్త్రీ' అనో టైపు చేస్తే కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో వత్తులు విడిపోయి పక్కకు జరిగి కూర్చుంటాయి. తెలుగు అక్షరాన్ని పేర్చడం రాని సాఫ్ట్‌వేర్ అది. చాలామంది అయ్యవార్లు గత్యంతరం లేక అలాగే వదిలేస్తారు, పిల్లలు అదే చూసి రాస్తారు. అక్షరాలు సరిగ్గా పడే యాప్‌లో సూరన్నో, మండలియో ఏదో ఒక యూనికోడ్ ఫాంట్‌తో పేరు రాసి, దాన్ని బొమ్మగా సేవ్ చేసి వీడియోలో అతికించుకోవడం తేలిక. లేదా సుద్దతో పలక మీద రాసి ఫొటో తీయండి. ఇంకా బాగుంటుంది.

అన్నీ పిల్లల చేతే తీయించాలంటే ఏడాది చాలదు, సిలబస్ ఊరుకోదు. కొన్ని పాఠాలకు నకాషీ పటమే కావాలి. గుండె కవాటం తెరుచుకుని మూసుకోవడం, గుడ్డులో కోడిపిల్ల రూపు కట్టడం పిల్లలు తీసేవి కావు, కళ్లారా చూడాల్సినవి. చేర్యాల పటాల్ని కూడా ఒక్కసారిగా విప్పి పరిచేవారు కాదు. వేసేది నకాషీలు, చెప్పేది వేరే కులాల కథకులు. కథ నడిచే కొద్దీ పటం గడి తర్వాత గడిగా విచ్చుకునేది. తరగతిలో వీడియో కూడా అలాగే ఆగాలి. రక్తం కర్ణిక నుంచి జఠరికలోకి దిగేచోట పాజ్ నొక్కి, "ఇప్పుడు ఏ తలుపు మూసుకుంటుంది, నోటుబుక్కులో గీయండి" అంటే రెండు నిమిషాలు పడుతుంది. సగం మంది తప్పు గీస్తారు. ఆ తప్పులు చూశాక ప్లే నొక్కిన తరగతికీ, ఏకబిగిన చూసేసిన తరగతికీ పోలికే లేదు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. వాటిని కూడా ముందు ఏమవుతుందో చెప్పించి, ఆ తర్వాతే కదిలించాలి.

డిజిటల్ పనిముట్లకు చావడి నేలకు లేని గుణం ఒకటుంది. పొద్దున్నే ఎవరూ ఊడ్చెయ్యరు. ఎప్పుడూ బల్బు వైపే వాలిన ఆ మొదటి రెండు సెకన్ల వీడియో ఫోన్లో అలాగే ఉంటుంది. రెండోదాని పక్కన పెట్టి ఆడిస్తే పిల్ల ఎక్కడ నుంచి ఎక్కడికి వచ్చిందో తల్లిదండ్రులకు కూడా తెలుస్తుంది. మనం మాత్రం మంచిది తయారవగానే మొదటిదాన్ని డిలీట్ చేయిస్తాం, మెమరీ నిండిపోతుందని.

పిల్లల వీడియో పోటీలు, చార్టుల పోటీలు పెట్టేవాళ్లకు అందుకే ఒక విన్నపం. దరఖాస్తులో ఒక గడి కలపండి: 'మొదటి ప్రయత్నం కూడా జతచేయాలి, తప్పులతో సహా.' మార్కుల్లో సగం రెండింటికీ మధ్య తేడాకు ఇవ్వండి. ఇంకో లాభం కూడా ఉంది. వచ్చిన వీడియోల్లో ఎన్ని బడిలో తయారయ్యాయో, ఎన్ని బజారులోని ఫొటో స్టూడియోలో తయారయ్యాయో ఆ ఒక్క గడితోనే తేలిపోతుంది.